ఒక్కసారే చెప్పే మా పెద్దత్త

మా పెద్దత్త పోయింది. భివండిలో మేముండే గల్లీ చివరి ఎస్టీడీ బూత్ ఆయన వచ్చి, సిద్దిపేట నుంచి ఫోనని తలుపు కొట్టాడు. పరుగెత్తి రిసీవర్ అందుకుంటే అవతల మా మామ. "బిడ్డా, మీ పెద్దత్త పోయింది. పొద్దుగాల చాయ తాగింది, గోడకు ఒరిగి కూసుంది, గంతే" అన్నాడు. మీటరు తిరుగుతుందని తనే పెట్టేశాడు. బూత్ తలుపు లోపలికి గుంజాలో బయటికి నెట్టాలో తోచక ఆ గాజుపెట్టెలోనే కాసేపు నిలబడిపోయాను. చివరికి ఆయనే వచ్చి తలుపు తీశాడు.

బస్సెక్కి సిద్దిపేట చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె కూర్చునే చోట దీపం వెలుగుతోంది. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "మంచానవడలేదు, ఎవలతోని చేయించుకోలేదు, అదృష్టవంతురాలు" అని. అదృష్టమనే మాట విని నాకు ఒళ్లు మండింది. కానీ చావింట్లో ఎవరితో కొట్లాడతాం? ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

వరసకు పెద్దత్తే గానీ ఆమె మా మామకు వదినె, అంటే ఆయన అన్న భార్య. పిల్లలు లేరు. చదువు లేదు. ఆమె నాకేం నేర్పిందని ఎవరైనా అడిగితే, కుక్కను పట్టుకొని నడవడం నేర్పిందని చెప్తాను. నవ్వేవాళ్లు నవ్వండి.

ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చింది ఎనభైల నడుమ. సాలోళ్ల గల్లీ. ముందు గదిలో గుంటమగ్గం, వెనక గదిలో రాట్నం, మధ్యలో చిన్న వాకిలి. మా అత్త నేను రాకముందే కాలం చేసింది. మామ, పెద్దత్త, మా ఆయన, నేను. చేతిమగ్గం మీద నలుగురి కడుపు నిండదని పెళ్లయిన కొద్ది నెలలకే మా ఆయన పవర్‌లూముల్లో పనికి భివండి బయలుదేరాడు. పోయే ముందురోజు తువ్వాలలో చుట్టి ఒక కుక్కపిల్లను తెచ్చి నా ఒడిలో పెట్టాడు. "నేను లేనప్పుడు నీకు తోడుంటది" అన్నాడు. తాను ఉండలేక కుక్కను ఉంచి పోయిన మగణ్ణి ఏమనాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. దానికి టైగర్ అని పేరు పెట్టాం. పిల్లిని చూస్తే నా కొంగు చాటుకు వచ్చే టైగర్ అది.

పొద్దున లేస్తే నేను రాట్నం ముందు కూర్చోవాలి. మామ మగ్గంలో ఒక కండె నూలు అయిపోయేలోపు ఇంకో కండె చుట్టి అందించాలి. వెనక గదికి కిటికీ లేదు. బయటికంటే నల్లా దగ్గరికి పోయి బిందె నింపుకొని రావడమే. సిద్దిపేటలో కాపురముంటూ సిద్దిపేట చూడలేదంటే నమ్మండి. మొగుడు ఊళ్లో లేని కోడలు పని లేకుండా గడప దాటితే, గల్లీలో ఉన్న నోళ్లన్నింటికీ పని దొరికేది. టైగర్ కాస్త పెరగ్గానే చెప్పులు కొరుకుతోందని దాన్ని వాకిట్లో స్తంభానికి కట్టేశారు. నన్ను రాట్నానికి కట్టేశారు. అది మొరిగేది, నేను మొరిగేదాన్ని కాదు.

మా గల్లీలో పడుగు చేసే రోజంటే తెల్లవారకముందే సందడి. మగ్గం మీదికి ఎక్కించాల్సిన నిలువు పోగులన్నింటినీ గల్లీ పొడవునా కర్రల మీద పరిచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఇద్దరు అటు ఇద్దరు ఇటు నిలబడి దువ్వుతారు. ఎండెక్కేలోపు అయిపోవాలి. అప్పుడు ఆ దారిన ఎవరూ సైకిల్ మీద కూడా పోరు. అలాంటి పొద్దున మా టైగర్ తాడు తెంపుకొని సరాసరి పడుగులోకి దూరింది. నేను "టైగర్! టైగర్!" అని అరుస్తూ వెంటపడ్డాను. నేను అరిచినకొద్దీ అది ఇంకా లోపలికి ఉరికింది. ఎన్ని పోగులు తెగాయో, ఎన్ని చిక్కుపడ్డాయో. ఆ పూటంతా మామ, పెద్దత్త కూర్చొని ఒక్కొక్క పోగూ వెతికి అతికారు. ఆమె వేళ్లకు బూడిద రాసుకొని రెండు కొసలు కలిపి మెలిపెట్టేది. నిట్టూర్పు లేదు, తిట్టు లేదు. పొగాకు బుగ్గన పెట్టుకొని ఒక పోగు తర్వాత ఇంకో పోగు.

మామ మాత్రం తేల్చి చెప్పాడు. "ఇంకొక్కసారి పడుగు మీదికి వోయిందంటే గోనెసంచిల గట్టి, బస్సెక్కి, దుబ్బాక అవుతల ఇడిచిపెట్టి వస్త. మల్ల నన్నడగద్దు."

ఆయన చెడ్డవాడు కాదు. పడుగు పాడైతే ఆ నెల మేమేం తినాలి? ఆయన మాటలో న్యాయముంది. అదే నన్ను భయపెట్టింది. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఆ కుక్క తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం స్తంభం దగ్గర కూర్చొని ఏడుస్తుంటే పెద్దత్త వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు గంత ఒర్రినవ్ పిల్లా?"

"అది ఇంటలేదు పెద్దత్తా!"

"నువ్వు ఒర్రితె అదేమనుకుంటది? ఇంటామెకే భయమైతుంది, ఇగ నేను ఉరుకకపోతె ఎట్ల అనుకుంటది. మొదలు నువ్వు ఊకో. అటెన్క అది ఊకుంటది."

అప్పటిదాకా ఆమెకు గర్వమనుకునేదాన్ని. ఎందుకంటే ఆమె దేన్నీ రెండోసారి చెప్పేది కాదు. "అన్నం వెట్టిన" అని ఒక్కసారి అనేది. రాకపోతే కంచం మీద మూత పెట్టి తన పని చూసుకునేది. గల్లీలో పిల్లలు వాళ్ల అమ్మలు పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నా పలికేవారు కాదు. మా పెద్దత్త గడపలోంచి "ఇంట్లకు నడువుండ్రి" అంటే గోళీలు జేబులో వేసుకొని కదిలేవారు. అదేం మంత్రమో అనుకునేదాన్ని. మంత్రమేమీ లేదు. ఒకసారి చెప్పి, చెప్పినదాని మీద నిలబడి ఎదురుచూసేది. చూడ్డానికి అంతే, చేయబోతే ప్రాణం పోతుంది.

మగ్గం కింద పడిన తెగిన నూలంతా పోగుచేసి ఆమె తాడు పేనింది. మధ్యాహ్నం మామ అన్నం తిని కాసేపు నడుం వాల్చే వేళ మా బడి. మొదటి పాఠం వీధి తలుపు దగ్గర. ఆమె గొళ్లెం మీద చెయ్యి వేసింది. టైగర్ ఎగిరి గంతేసింది. చెయ్యి తీసేసింది. ఏమీ అనలేదు. గోడకానుకొని నిలబడింది. మళ్లీ చెయ్యి వేసింది, మళ్లీ గంతు, మళ్లీ చెయ్యి తీసేసింది. నాకు విసుగొచ్చింది.

"ఎంతసేపు పెద్దత్తా?"

"నాకేం పనున్నది? దానికేం పనున్నది?" అంది.

చివరికి టైగర్ ఎగిరెగిరి అలసిపోయి, ఈమెకేమైందని ముఖంలోకి చూసి, కూలబడింది. అప్పుడు తలుపు కొద్దిగా తీసింది. అది లేవగానే మళ్లీ మూసింది. ఆ రోజు మేము వీధిలోకి అడుగే పెట్టలేదు. కానీ కుక్క మొదటిసారి తలుపును కాకుండా మనిషిని చూసింది.

నా వంతు వచ్చినప్పుడు అంతా తలకిందులు. నేను తాడు పట్టుకుంటే చాలు, అది గుంజేది, నేను గుంజేదాన్ని. పెద్దత్త కాసేపు చూసి, "నీ గాజులు సప్పుడైతున్నయ్" అంది. చూసుకుంటే నిజంగానే చెయ్యి వణుకుతోంది. "కుక్కకు మన మాటలేం తెలుస్తయ్? నీ గుండె కొట్టుకునుడు తాడు పొంటి దాని మెడకాడికి వోతది. ఎవలి మీద కోపం నీకు?"

అడగకూడని మాట అడిగింది. మా ఆయన దగ్గరి నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చెప్పేశాను. వెనక గదిలో ఊపిరాడటం లేదని, పుట్టింటికి పోతానంటే మామ కండెలెవరు చుడతారంటున్నాడని, ఈ ఇంట్లో ఇలాగే ముసలిదాన్నైపోతానని భయమేస్తోందని, అన్నీ చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు. పొగాకు ఉమ్మేసి వచ్చి, "గదంతా రాట్నం కాడ వెట్టి రా. కుక్క కాడికి తేకు. దానికి మోసేతందుకు నీ ఒక్కదాని బరువే సాలు" అంది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. నేను నవ్వగానే టైగర్ తోక ఊపింది. చెయ్యి వణకడం ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు.

అలా కొన్నాళ్లకు అది గడప దగ్గర కూర్చోవడం, నాతోపాటు నడవడం, ఆగమంటే ఆగడం నేర్చుకుంది. అంతా బాగుందనుకున్నాక మళ్లీ పడుగు రోజు వచ్చింది. తలుపు ఎవరో ఓరగా వేశారు. చూసేసరికి టైగర్ పడుగు పక్కన నిలబడి పోగులు నాకుతోంది! మామ కుంచె విసిరేసి సంచి కోసం లోపలికి పరుగెత్తాడు. నా గొంతులోంచి అరుపు వచ్చేదే. పెద్దత్త నా భుజం మీద చెయ్యేసి ఆపి, మెల్లగా నడుచుకుంటూ పోయి, కుక్కకూ పడుగుకూ మధ్య నిలబడింది. పట్టుకోలేదు, కొట్టలేదు. ఇంటి వైపు ఒక్కడుగు వేసింది. అది ఒక్కడుగు వెనక్కి తగ్గింది. అలా దాన్ని వాకిట్లోకి తెచ్చేసింది. ఒక్క పోగు తెగలేదు.

తెచ్చి, కుక్క మూతి చూసి, వేలితో దాని మీసాలకంటిన గంజి తీసి వాసన చూసింది. ఆమె బిగ్గరగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఓ మరిదీ, ఆ సంచి ఆడ వెట్టు. గిది మనం మప్పిన అలవాటే గదా!"

సంగతేమిటంటే, పడుగుకు పట్టించగా మిగిలిన గంజిని మా గల్లీలో ఎవరూ పారబోయరు. చిన్నప్పటి నుంచీ ప్రతి ఇంటివాళ్లూ పాపం కుక్కపిల్ల అని ఆ గంజి మా టైగర్‌కే పోశారు. నేనూ పోశాను, పెద్దత్త ఉప్పేసి మరీ పోసింది. పడుగు పరిచిన రోజు గల్లీ అంతా అదే వాసన. గల్లీ పొడవునా తనకోసం కంచం పరిచారనే అది అనుకుంది. అది అల్లరికి రాలేదు, అన్నానికొచ్చింది.

మామకు నవ్వు రాలేదు. సంచి చేతిలోనే ఉంది. "కారణం దెలిస్తె కుక్క మారుతదా?" అన్నాడు.

"వచ్చే పడుగు దాక ఆగు. కోడలు దాన్ని పట్టుకొని పడుగు పొంటి ఈ కొస నుంచి ఆ కొస దాక నడుస్తది. మూతి వెడితె నువ్వు చెప్పినట్టే చెయ్యి."

నడిచేది నేనని ఆమె ఎలా చెప్పిందో! అడ్డుచెప్పే ధైర్యం కూడా నాకు లేదు. గంజి పొయ్యడం ఆ రోజే మానేశాం. గల్లీ వాళ్లందరికీ చెప్పాం, ఒక్కసారే చెప్పాం. ఆ నెలంతా మధ్యాహ్నం మా బడి ఒక్కరోజూ మానలేదు. కండె చుడుతున్నా నా చెవులు వాకిట్లోనే ఉండేవి.

మళ్లీ పడుగు పరిచిన పొద్దున గల్లీ గల్లీ అంతా బయటే ఉంది. కోడలు కుక్కను పట్టుకొని నడుస్తుందంటే ఎవరు చూడకుండా ఉంటారు? మామ కుంచె పట్టుకొని నిలబడ్డాడు. సంచి మా అరుగు మీద మడతపెట్టి ఉంది. పెద్దత్త గడపలో కూర్చుంది. వెంట వస్తుందనుకున్నాను. రాలేదు. "ఊపిరి వీల్చి ఇడువు. పో" అంది, అంతే.

గంజి వాసన నాకే గుప్పున కొట్టింది, ఇక దానికెలా ఉండాలి? కొంత దూరం బాగానే వచ్చింది. సగం దారిలో ఎవరో గంజి కుండ కింద పెట్టారు. టైగర్ ఆగింది. ముక్కు ఎగబీల్చింది. చేతిలో తాడు బిగుస్తోంది. గుంజెయ్, గుంజెయ్ అని నా ఒళ్లంతా చెబుతోంది. ఆ సంచి కళ్లముందు కనబడుతోంది. ఆ సంచి గురించి ఆలోచిస్తే చెయ్యి వణుకుతుందని తెలుసు. నేను కుండ వైపూ చూడలేదు, మామ వైపూ చూడలేదు. నా కాళ్లకింది మట్టిని చూసుకుంటూ నిలబడ్డాను. నడవమని "పా" అన్నాను, ఒక్కసారి. ఎంతసేపైందో! అది తల తిప్పి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ ఇంట్లో, ఆ ఊళ్లో అప్పటిదాకా ఎవరూ ఏం చెయ్యాలని నన్నడగలేదు. అది అడిగింది. నేను నడిచాను. అదీ నడిచింది.

మామ సంచి ముట్టలేదు. వంగి కుంచె ముంచుకొని పడుగు దువ్వడం మొదలుపెట్టాడు. మేమిద్దరం మాత్రం ఆగకుండా గల్లీ చివరిదాకా పోయాం. ఎదురుగా పెద్ద రోడ్డు, బస్సులు, పండ్ల బండ్లు. ఏ పనీ లేకుండా నేను రోడ్డు చూడ్డం అదే మొదలు. ఆ తర్వాత రోజూ కుక్కను తిప్పుకొని రావాలని నాకొక పని దొరికింది. దానికి మామ కూడా కాదనలేకపోయాడు. తిరిగి వచ్చాక మళ్లీ అదే కిటికీ లేని గది, అదే రాట్నం. కానీ సాయంత్రం ఒకటి ఉందని తెలిశాక పగలు కాస్త పలచబడింది.

మరి పెద్దత్త? ఆమె కూడా కుక్కను తీసుకొని వచ్చేది. గల్లీ మూలమీది కరెంటు స్తంభం దాకా వచ్చి తాడు నా చేతికిచ్చి ఆగిపోయేది. ఎందుకని అడిగితే చాలా రోజులు చెప్పలేదు.

ఆమె పెనిమిటి కూడా భివండికే పోయాడు, మా ఆయన పుట్టక ముందెప్పుడో. మొదట్లో ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అక్కడ చూశామని, ఇక్కడ చూశామని మనుషులు చెప్పారు. తర్వాత చెప్పేవాళ్లూ లేరు. ఆమె బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. పెళ్లికి పోతే పసుపుకుంకుమలు తెచ్చిన ఆడవాళ్లు ఆమె ముందుకు వచ్చేసరికి ఆగేవారట. పెట్టాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారట. "వాళ్లకెందుకీ తిప్పలని నేనే పోవుడు బందువెట్టిన" అని నాకు చెప్పింది. పెళ్లిళ్లు మానింది, పండుగలు మానింది, చివరికి ఆ స్తంభం దాటడమే మానింది. ఆమె పోయిన రోజు కూడా ఆడవాళ్లు బొట్టు పెట్టాలా వద్దా అని ఆగారట. మామ "వెట్టుండ్రి" అన్నాడట. పెట్టారట.

ఒక సాయంత్రం టైగర్‌ను ఇంట్లో ఉంచి, ఆమె చెయ్యి పట్టుకొని బయలుదేరాను. "బస్టాండు దాక పోయి చాయ తాగి వద్దాం పెద్దత్తా" అన్నాను. నవ్వుతూనే వచ్చింది. స్తంభం దగ్గరికి రాగానే నా చేతిలో ఆమె చెయ్యి వణికింది. కుక్కను, కోడలిని, గల్లీ పిల్లలను నిలబెట్టిన చెయ్యి అది. నేను గుంజలేదు. ఆమె నేర్పినట్టే నిలబడి చూశాను. బండ్లు పోతున్నాయి, దుబ్బాక బస్సు పోయింది. చాలాసేపటికి, "ఇంటికి వోదాం బిడ్డా" అంది. తిరిగి వచ్చేశాం. ఆ రోజు గుంజి ఉంటే దాటేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. దాటేది కాదేమో అని కూడా అనిపిస్తుంది. ఆమె నేర్పని పని ఆమె మీదే ఎలా చేస్తాను?

కొన్నేళ్లకు మా ఆయన భివండిలో గది కిరాయికి తీసుకొని నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. నేను ఎగిరి గంతేయాల్సిన రోజు అది. "కుక్కకు ఆడ జాగ లేదు. మనకే లేదు" అన్నాడు. నిజమే, ఆ గదిలో కాళ్లు చాపితే గోడ తగులుతుంది. నేను పెద్దత్త ముఖం చూశాను. "నా కాడుంటది" అంది.

బస్సు గల్లీ మూల దగ్గర ఆగుతుంది. పెద్దత్త టైగర్‌తో వచ్చి స్తంభం పక్కన నిలబడింది. నాకు ఏడుపు ఆగడం లేదు. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. "ఏడ్వకు. అది నిన్నే చూస్తుంది. నువ్వేడిస్తె అదేమనుకోవాలె? మంచిగ ఎక్కు." ముఖం తుడుచుకున్నాను. ఊపిరి పీల్చి వదిలాను. దాని ముందు నుంచి, బజారుకు పోయి వచ్చేదానిలా మామూలుగా నడిచిపోయి బస్సెక్కాను. అది లేవలేదు. కూర్చొని చూస్తోంది.

కిటికీ పక్కన కూర్చొని, బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. టైగర్ అలాగే కూర్చొని ఉంది, చెవులు నిలబెట్టుకొని, ఏ కంగారూ లేకుండా. పెద్దత్త చెయ్యి దాని తల మీద ఉంది. ముఖం మాత్రం అటు గోడవైపు తిప్పుకొంది, కుక్కకు కనబడకుండా. కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. భుజాలు అదురుతున్నాయి. కుక్క తల మీది చెయ్యి మాత్రం కదలడం లేదు.